మేక కాళ్ళ మేజా

మిర్చి కమీషను ఆసామి ఫోనులో బొమ్మ చూపించాడు.
ఎవరో పరాసు రాజు కాగితాలు రాసుకున్న మేజా అట,
తాడు ఇవతల నిలబడి తీసుకొచ్చాడు.
"అచ్చం ఇలాగే కావాలి. సొరుగులో ఇంకో సొరుగు ఉండాలి.
అది నాకు తప్ప ఎవరికీ అంతుపట్టకూడదు."

సోమలింగాచారి రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేశాడు.
బంగారు రేకుల్ని దాటేశాడు, పింగాణీ పూలని దాటేశాడు,
కాళ్ళ దగ్గర ఆగాడు.
"ఇది మేక వెనక్కాలు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లాలాపేట సందులో
పిట్టగోడ మీంచి దూకే మేకని చూస్తూ
టీ చల్లార్చుకున్నాడు.
దూకబోయే ముందు బరువు మోకాలి వెనక ఎక్కడ దాక్కుంటుందో
బొగ్గుముక్కతో గచ్చు మీద గీశాడు.
గీత మీద ఎవరో సైకిలు పోనిచ్చారు.
మళ్ళీ గీశాడు.

నేను సైదావలిని. పాలిష్ పనివాణ్ణి.
పెళ్ళయ్యాక గుండిగలు తోమేవాడిలాగా
అందరి పనీ అయ్యాకే నా పని.
అందుకే నాకు చూసే తీరిక ఉంటుంది.

కూలగొట్టిన సినిమాహాలు తలుపుల బర్మా టేకు,
మేకు బెజ్జాలు పూడ్చి,
బాడిసతో మెల్లగా, తిట్టకుండా, వంపు తిప్పాడు.
సూటి చెక్కకి మూలమట్టం చాలు,
వంపుకి కన్ను కావాలి, కన్నుకి రాత్రి నిద్ర కావాలి
అని ఆ నెలంతా కల్లు ముట్టలేదు.
జిట్రేగిని ఉల్లిపొరలా చీల్చి పూలరేకులు పొదిగాడు.
చిత్రిక పొట్టు రింగులు రింగులుగా
టీ కొట్టు పొయ్యిలోకి పోయింది.

ఆయన మనవరాలు పావని ఎక్కడో చదివి చెప్పింది:
ఆ దేశంలో పనివాడు తన పేరు ఇనప అచ్చుతో
పాలరాయి కింద, రాజుకి కనపడని చోట కొట్టేవాడట.
చారి నవ్వాడు.
"మనకి పేర్లు కొట్టించేది స్టీలు గిన్నెల మీదేగా తల్లీ.
అదీ ఇచ్చినోళ్ళ పేరు."

తర్వాత నా వంతు.
దీన్ని ఫ్రెంచి పాలిష్ అంటారు, మా మేనమామ నేర్పాడు.
లక్క మన అడవి పురుగుది,
స్పిరిట్టు చెరుకు మడ్డిది,
గుడ్డ నా పాత లుంగీది, చెయ్యి నాది.
ఇందులో పరాసుది ఏదో ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నా.

ఎనిమిది అంకెని పడుకోబెట్టి,
అదే అంకె, అదే అంకె,
భుజం మొద్దుబారేదాకా.
వానలో పూస్తే విరిగిన పాలలా తెల్లబారుతుంది,
ఎండలో పూస్తే,
మార్చి నెల, యార్డు వైపు గాలి,
ఊరంతా తుమ్ముతోంది.
మూడో కాలు మీద తడి ఆరకముందే
ఒక మిరప నలుసు వాలింది.
తీస్తే గుంట, ఉంచితే మచ్చ.
దాని మీదే ఇంకో పూత వేశాను, ఇంకోటి వేశాను.
ఇప్పుడది లోపలే ఉంది
ఎర్రగా, ఎవరినీ మండించకుండా.

ఆసామి వచ్చాడు. దొంగ సొరుగు ఏడుసార్లు తెరిచి
ఏడుసార్లు మూశాడు.
అందులో ఏం పెడతాడో మేం అడగలేదు.

గుమ్మంలో పట్టక
మోసేవాళ్ళు మేజాని తలకిందులు చేశారు.
నాలుగు మేక కాళ్ళు ఆకాశంలోకి.
నేను వంగి అడుగు చూశాను.
పేరు లేదు.
పెన్సిలు గీత కూడా లేదు.
రాజు చూడని, ఆసామి చూడని,
బల్లి తప్ప ఎవరూ చూడని ఆ చెక్కని
పైచెక్కంత నున్నగా చిత్రిక పట్టి ఉంచాడు ముసలాడు.

అక్కడ పాలిష్ నా లెక్కలో లేదు.
గుడ్డ మాత్రం జేబులో ఇంకా తడిగానే ఉంది.
"బీడీలు అవతలకెళ్ళి కాల్చుకోండి, స్పిరిట్టు" అన్నాను.
వాళ్ళు తిరిగొచ్చేలోపు
ఒక్క పూత.